తొట్టిలో ఓడ మోత: పీతలకూ ఆల్చిప్పలకూ మోత వల్ల కలిగే ఒత్తిడి కొలవడం ఎలా?

#1 · ఉప్పుగాలి

ప్లాన్ ఇది. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు ఉన్న గాజు తొట్లు రెండు. ఒకదాంట్లో 12 తీరపు పీతలు, రెండోదాంట్లో 20 నీలి మస్సెళ్ళు (ఆల్చిప్పల్లో ఒక రకం). అడుగున నీళ్ళలో పనిచేసే స్పీకరు, తొట్టి మధ్యలో ఒక హైడ్రోఫోన్ (నీళ్ళలో పనిచేసే మైకు). సరుకు ఓడ రికార్డింగు ఒకటి అరగంట వినిపించి, హైడ్రోఫోన్ దగ్గర 150 డెసిబెల్ వచ్చేలా వాల్యూము పెడతాం. పీతల్లో ఆక్సిజన్ వాడకం, హీమోలింఫ్ (పీత రక్తం) గ్లూకోజు చూడాలి. మస్సెళ్ళలో చిప్ప ఎంత తెరుచుకుంటోందో చూడాలి. కంట్రోల్ తొట్లలో స్పీకరు ఉండదు.

ఎక్కడెక్కడ దెబ్బతింటుందో మొహమాటం లేకుండా చెప్పండి.

#2 · కెరటం_63

మొహమాటం వద్దన్నారు కాబట్టి సూటిగా చెప్తున్నా: మీరు కొలుస్తున్నది పీతకు తెలియని సంగతి.

హైడ్రోఫోన్ కొలిచేది పీడనం. చేపల్లో చాలావాటికి ఈతతిత్తి ఉంటుంది, అందులోని గాలి పీడనానికి నొక్కుకుని విచ్చుకుంటుంది కాబట్టి వాటికి పీడనం తెలుస్తుంది. పీతకూ రొయ్యకూ ఆల్చిప్పకూ స్క్విడ్‌కూ ఒంట్లో అలాంటి గాలిబుడగ లేదు. వాటికి తెలిసేది నీటి కణాల ఊగులాట, అంటే కణచలనం. ఒడ్డుకు దూరంగా, లోతైన నీళ్ళలో ఈ రెంటికీ లెక్క కుదురుతుంది. పీడనాన్ని నీటి సాంద్రతతోనూ ధ్వనివేగంతోనూ భాగిస్తే కణవేగం వస్తుంది. 150 డెసిబెల్ అంటే దాదాపు 32 పాస్కల్‌లు, దానికి కణవేగం సెకనుకు 20 మైక్రోమీటర్లు.

తొట్టిలో ఈ లెక్క చెల్లదు. 100 హెర్ట్జ్ ధ్వనికి నీళ్ళలో తరంగదైర్ఘ్యం 15 మీటర్లు, మీ తొట్టి ఒక మీటరు. ఈ కొలతల తొట్టికి కనిష్ఠ అనునాదం (తొట్టిలోని నీళ్ళు వాటంతటవే మోగే ఫ్రీక్వెన్సీ) సుమారు 2250 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఓడ మోతలో బలమంతా ఉండేది 1000 హెర్ట్జ్ లోపే. అంటే మీరు వినిపించే ధ్వని తొట్టిలో తరంగంలా ప్రయాణించదు. స్పీకరు చుట్టూ పుట్టి, కాస్త దూరం పోగానే చచ్చిపోతుంది. నీటి ఉపరితలం దగ్గర పీడనం సున్నాకు పడిపోయి కణచలనం పెరుగుతుంది. పలచటి గాజు గోడ దగ్గరా దాదాపు అదే వరస. కాబట్టి ఒకే తొట్టిలో ఒక మూలనున్న పీతకూ స్పీకరు పక్కనున్న పీతకూ మోతాదు ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. మధ్యలో కొలిచిన ఆ ఒక్క అంకె ఏ పీతకూ వర్తించదు.

#3 · నత్తగుల్ల

కెరటం గారి మాటకు శరీర నిర్మాణం వైపు నుంచి కొంచెం.

ఊగులాటను పట్టే అవయవం పేరు స్టాటోసిస్ట్. చిన్న తిత్తి, లోపల సన్నటి రోమకణాలు, వాటి మీద ఒక బరువు. ఒళ్ళు నీటితో పాటు ఊగుతుంది. బరువు మాత్రం సాంద్రత ఎక్కువ కాబట్టి కాస్త వెనకబడుతుంది. ఆ తేడాకు రోమాలు వంగుతాయి, నరం పలుకుతుంది. కింద ఏది, మీద ఏది అని తెలిసేదీ దీంతోనే. అందుకే మోత వల్ల ఇది చెడితే వినికిడితో పాటు నిలదొక్కుకోవడమూ పోతుంది.

రొయ్యల్లోనైతే ఆ బరువు బయటి నుంచి తెచ్చుకున్న ఇసుక రేణువే. పెంకు విడిచిన ప్రతిసారీ తిత్తి లోపలి పొర కూడా ఊడిపోతుంది, మళ్ళీ కొత్త రేణువులు వేసుకోవాలి. 1893లో క్రైడ్ల్ అనే శాస్త్రవేత్త పెంకు విడిచే రొయ్యలకు ఇసుకకు బదులు ఇనుప రజను అందుబాటులో పెట్టాడు. అవి దాన్నే తిత్తిలోకి వేసుకున్నాయి. తర్వాత అయస్కాంతం పైనుంచి పట్టుకుంటే రొయ్యలు తలకిందులుగా తిరిగాయి, పాపం. స్టాటోసిస్ట్ పని ఏమిటో అంత తేటగా చూపిన ప్రయోగం నాకు మరొకటి కనబడదు.

మీకు పనికొచ్చే ముక్క: పెంకు విడవబోతున్నవీ కొత్తగా విడిచినవీ ప్రయోగంలోకి తీసుకోవద్దు. వాటి హార్మోన్లు, ఆక్సిజన్ వాడకం మోతతో పనిలేకుండానే తారుమారుగా ఉంటాయి.

#4 · ఉప్పుగాలి

సరే, కణచలనం కొలవాలంటే ఏం వాడాలి? యాక్సిలరోమీటరును (త్వరణం కొలిచే సెన్సరు) నీళ్ళలో వేలాడదీస్తే చాలా?

#5 · కెరటం_63

వేలాడదీయొచ్చు, కానీ ఉత్తదాన్ని కాదు. మూడు దిశల యాక్సిలరోమీటరును ఎపాక్సీలో, లోపల తేలికపాటి నురుగు పొడి కలిపి పోత పోయాలి. మొత్తం సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా రావాలి. బరువెక్కువైతే నీళ్ళు ఊగినంత అది ఊగదు, తక్కువ చూపిస్తుంది. సన్నటి సాగే దారాలతో చట్రానికి కట్టండి. ఆ కట్టుబడికి సొంత ఊపు ఒకటి ఉంటుంది, అది మీరు కొలిచే ఫ్రీక్వెన్సీలకన్నా బాగా కింద ఉండాలి. తీగ బిగుసుకుంటే తొట్టి అదురు తీగ గుండా వచ్చి చేరుతుంది. తీగ వదులుగా, పలచగా ఉండాలి.

రెండో దారి జంట హైడ్రోఫోన్లు. రెంటి మధ్య పీడనం తేడాను సాంద్రతతోనూ దూరంతోనూ భాగిస్తే త్వరణం వస్తుంది. చౌకే కానీ చిక్కుంది. దూరపు తరంగం వచ్చే చోట 10 సెంటీమీటర్ల ఎడంతో 100 హెర్ట్జ్ కొలిస్తే రెంటి మధ్య దశ (ఫేజ్) తేడా 2.4 డిగ్రీలే. రెండు హైడ్రోఫోన్ల ఎలక్ట్రానిక్స్‌లో ఒక్క డిగ్రీ పొరపొచ్చం ఉన్నా సమాధానం 40 శాతం తప్పుతుంది. వాడేముందు రెంటినీ ఒకే చోట పక్కపక్కన పెట్టి రికార్డు చేసి, ఆ తేడాను తీసేయాలి. ఎడం పెంచితే తక్కువ ఫ్రీక్వెన్సీలో మెరుగు, ఎక్కువలో చెడుతుంది.

ఏ దారైనా సరే, ఒక్క చోట కొలిచి ఆపొద్దు. 10 సెంటీమీటర్ల గడుల్లో తొట్టి అంతా, మూడు దిశల్లోనూ కొలవండి. తర్వాత పీతలను ఉంచే గిన్నెలు ఎక్కడ పెట్టాలో ఆ పటమే చెప్తుంది.

#6 · డెసిబెల్_వేట

150 డెసిబెల్ అని రాసినప్పుడు దేని ఆధారంగా, ఏ పద్ధతిలో అన్నది కూడా రాయండి. నీళ్ళలో ఆధారం 1 మైక్రోపాస్కల్, గాలిలో 20. ఆ తేడాకే 26 డెసిబెల్ పోతాయి. నీటికీ గాలికీ ధ్వని నిరోధం తేడాతో ఇంకో 36. వెరసి 62. "150 అంటే జెట్ విమానం పక్కన నిలబడ్డట్టే" అని పత్రికల్లో రాసేవాళ్ళు ఈ 62 సంగతి మింగేస్తారు.

ఓడ మోత ఆగకుండా వచ్చేది కాబట్టి సగటు వర్గమూల స్థాయి (ఆర్ఎంఎస్) చాలు. ఎయిర్‌గన్ పేలుళ్ళు (సముద్రగర్భ సర్వేలో నీళ్ళలోకి గాలిని పేల్చేవి), పైల్ (పునాది స్తంభం) దిగ్గొట్టే దెబ్బలు అయితే శిఖర పీడనం, ఒక్కో దెబ్బ శక్తి స్థాయి విడివిడిగా ఇవ్వాలి. దెబ్బలన్నీ ఒకే బలంతో పడితే 1000 దెబ్బలకు మొత్తం శక్తి స్థాయి ఒక దెబ్బకన్నా 30 డెసిబెల్ ఎక్కువ. ఏది ఇచ్చారో చెప్పకపోతే పోల్చడానికి పనికిరాదు. పదాలకు ఐఎస్‌వో 18405 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, 2017 నాటిది. దాని ప్రకారం రాస్తే గొడవ లేదు.

నియమాల సంగతి కూడా ఒక ముక్క. జర్మనీలో సముద్ర గాలిమరల పునాదులు దిగ్గొట్టేటప్పుడు 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ శక్తి స్థాయి 160 డెసిబెల్ దాటకూడదు, శిఖరం 190 దాటకూడదు. ఆ గీత గీసింది హార్బర్ పోర్పాయిస్ (డాల్ఫిన్ లాంటి చిన్న సముద్ర జంతువు) చెవిని చూసి. యూరప్ సముద్ర చట్టంలో ఆగని మోతకు చూసేది 63, 125 హెర్ట్జ్ పట్టీలు (ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు). రెండూ పీడనం లెక్కలే. ఎండ్రకాయ కోసం గీసిన గీత అక్కడ లేదు.

#7 · ఎండ్రకాయ

పీతల భాగం నేను తీసుకుంటా. వేల్, సింప్సన్, రాడ్‌ఫర్డ్‌లు 2013లో ఇదే తీరపు పీత మీద చేశారు. ఓడ మోత ఒకసారి వినిపిస్తే ఆక్సిజన్ వాడకం పెరిగింది, బరువైన పీతల్లో ఎక్కువ పెరిగింది. మళ్ళీ మళ్ళీ వినిపిస్తే మాత్రం ఆ పెరుగుదల కనబడలేదు. అలవాటు పడ్డాయా, తట్టుకోవడం నేర్చాయా అన్నది ఆక్సిజన్ ఒక్కటే చూసి తేల్చలేం. మీరు ఒక్క అరగంట చూసి ఆపితే సగం కథే చేతికొస్తుంది. ఒకే పీతను ఏడు రోజులు, రోజూ ఒకే వేళకు వినిపించి, మొదటి రోజునూ ఏడో రోజునూ పోల్చండి. పీతలను బరువు తరగతులుగా విడదీయడం మరవొద్దు.

రెస్పిరోమెట్రీ, అంటే మూసిన గిన్నెలో ఆక్సిజన్ వాడకం కొలత: 24 నుంచి 48 గంటలు మేత ఆపాలి, లేకపోతే అరుగుదలకు అయ్యే ఆక్సిజన్‌ను మోత ఖాతాలో రాస్తారు. ముందు రాత్రే గిన్నెలో పెట్టి వదిలేయండి. నీళ్ళలో ఆక్సిజన్ 80 శాతానికి దిగకముందే కొలత ఆపి కొత్త నీళ్ళు పంపండి. పీత లేని ఖాళీ గిన్నె ఒకటి పక్కన నడవాలి, బాక్టీరియా వాడకం తీసేయడానికి.

అందరూ కాలు జారే చోటు గిన్నె మూత. మూత కింద గాలిబుడగ చిక్కుకుంటే అది దానంతటదే ఒక వాద్యం. సెంటీమీటరు వ్యాసార్ధం బుడగ దాదాపు 330 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంటే సరిగ్గా ఓడ మోత మధ్యలో. బుడగ పక్కనున్న పీతకు అందే ఊగులాట మీ పటంలో ఎక్కడా ఉండదు. నీళ్ళ కిందే మూత బిగించి, వంచి చూసి, బుడగ లేదని రూఢి చేసుకున్నాకే మొదలుపెట్టండి. ఎయిర్‌స్టోన్ (నీళ్ళలోకి గాలిబుడగలు వదిలేది) మోత వినిపించే వేళంతా ఆగిపోవాలి.

హీమోలింఫ్: చివరి నడకకాలి మొదట్లో, కీలు దగ్గరి మెత్తటి పొరలోంచి 25 లేదా 26 గేజి సూదితో తీయాలి. సిరంజిలో ముందే చల్లటి గడ్డకట్టని ద్రావణం, తీసే హీమోలింఫ్‌కు సమానంగా. లేకపోతే సూదిలోనే గడ్డకడుతుంది. పీతను పట్టుకున్న క్షణం నుంచి నిమిషంలోపు అయిపోవాలి. పట్టుకోవడమే దానికి పెద్ద ఒత్తిడి, గ్లూకోజూ లాక్టేటూ మోత లేకుండానే ఎగుస్తాయి. ఒకే పీత నుంచి మోతకు ముందూ తర్వాతా తీయొద్దు, మొదటి సూది పోటు ప్రభావమే రెండో దాంట్లో కనబడుతుంది. వేర్వేరు పీతలు వాడండి. గ్లూకోజు మోత ఆగిన వెంటనే, అరగంటకు, రెండు గంటలకు చూడండి. హార్మోను పనిచేసి గ్లూకోజు పైకి రావడానికి వేళ పడుతుంది.

చేతిలో పట్టే గ్లూకోమీటరు వద్దు. అది మనిషి రక్తంలో ఎర్రకణాల పాళ్ళు చూసి సరిచేసిన యంత్రం, హీమోలింఫ్‌కు ఏదో ఒక అంకె చూపిస్తుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ కిట్‌తో చేయండి.

#8 · గుల్లసున్నం

మస్సెళ్ళకు హాల్ సెన్సరు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది) వాడతారనుకుంటా. ఒక చిప్పకు చిన్న నియోడిమియం అయస్కాంతం, ఎదురు చిప్పకు సెన్సరు. చిప్ప తెరుచుకుంటే అయస్కాంతం దూరమై వోల్టేజి మారుతుంది. ఆ మార్పు సరళరేఖలో ఉండదు. ప్రయోగం అయ్యాక ఒక్కో చిప్పలోనూ 1, 2, 3, 5 మిల్లీమీటర్ల బిళ్ళలు పెట్టి, వోల్టేజి రాసుకుని, ఆ చిప్పకు సొంత వక్రరేఖ గీసుకోవాలి. ఒక చిప్ప లెక్క మరోదానికి పనికిరాదు, అతికిన కోణం మారుతుంది కదా. సెకనుకు 10 రీడింగులు చాలు. జిగురు ఆరడానికి చిప్పను నీళ్ళ బయట ఎక్కువసేపు ఉంచొద్దు. అతికాక రెండు రోజులు వదిలేయండి.

ఇప్పుడు అసలు ఉచ్చు. స్పీకరులో ఉన్నది కాయిల్, అయస్కాంతం. మోత మొదలవగానే దాని క్షేత్రం హాల్ సెన్సరుకు తగులుతుంది. గ్రాఫులో చిప్ప టక్కున కదిలినట్టు కనబడుతుంది, అందరూ సంబరపడతారు. లోపల మాంసం తీసేసి, జిగురుతో బిగించిన ఉత్త చిప్ప ఒకదానికి కూడా సెన్సరు పెట్టి అదే వరసలో ఉంచండి. అదీ "కదిలితే" మీరు కొలుస్తున్నది స్పీకరును.

ఏ ఫ్రీక్వెన్సీ అని అడిగితే: 2017లో షరీఫీ బృందం పసిఫిక్ ఆయిస్టర్ మీద చూస్తే 10 నుంచి 1000 హెర్ట్జ్ లోపు ధ్వనికి చిప్ప మూసింది, బాగా స్పందించింది 10 నుంచి 200 మధ్య. మీ స్పీకరు 100 కింద పలకదేమో చూడండి. చిన్న స్పీకర్లు చాలావరకు పలకవు. ఈక్వలైజరుతో బలవంతంగా 40 హెర్ట్జ్ పెంచితే వచ్చేది 80, 120 హెర్ట్జ్ వక్రీకరణే. రికార్డింగు కూడా వేవ్ ఫైలే ఉండాలి. ఎంపీ3 మనిషి చెవికి పట్టనివన్నీ తీసేస్తుంది, ఆల్చిప్ప చెవి గురించి దానికేం తెలుసు?

#9 · తీరరేఖ

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. తొట్టిలో ఇన్ని తిప్పలు పడి కొలిచినా సముద్రంలో నిజంగా నష్టం ఉందా అన్నది వేరే ప్రశ్న కదా? ఒకచోట పాచిజీవులన్నీ (నీళ్ళలో తేలే చిన్న జీవులు, ప్లాంక్టన్) చచ్చాయంటారు, మరోచోట ఏమీ కాలేదంటారు.

#10 · నత్తగుల్ల

రెండూ నిజమే తీరరేఖ గారూ, దూరాలు చూడాలి. 2017లో మెకాలే బృందం టాస్మానియా దగ్గర 150 ఘనపు అంగుళాల ఒక్క ఎయిర్‌గన్‌తో చేసింది. చచ్చిన జూప్లాంక్టన్ (జంతు జాతి పాచిజీవులు) పాళ్ళు రెండు మూడు రెట్లు పెరిగాయి, ప్రభావం 1.2 కిలోమీటర్ల దాకా కనబడింది, క్రిల్ లార్వాలన్నీ చచ్చాయి. 2019లో ఫీల్డ్స్ బృందం నార్వేలో కలానస్ అనే కోపిపాడ్ (ఒక చిన్న పాచిజీవి) మీద చూస్తే మరణాలు పెరిగింది 10 మీటర్ల లోపే. జీవి వేరు, పద్ధతి వేరు: ఒకరు సముద్రంలో వల వేసి పట్టి లెక్కపెట్టారు, మరొకరు సంచుల్లో పెట్టి తెలిసిన దూరంలో పేల్చారు. 1.2 కిలోమీటర్లనే అంకెను పట్టుకుని అన్ని పాచిజీవులకూ అంటగట్టడం నాకు నచ్చదు. 10 మీటర్లే అని కొట్టిపారేయడమూ అంతే.

అక్కడికక్కడే చావడం ఒక్కటే చూస్తే చాలా జారిపోతుంది. టాస్మానియాలోనే డే బృందం ఆల్చిప్ప జాతి స్కాలప్‌ల మీద ఎయిర్‌గన్ ఎన్నిసార్లు దాటితే అన్ని ఎక్కువ చావులు చూసింది. వెంటనే కుప్పకూలినవి కావు, తర్వాతి నాలుగు నెలల్లో పోయినవి. అదే బృందం రాతిరొయ్యలను వెల్లకిలా తిప్పి, ఎన్ని క్షణాల్లో బోర్లా తిరుగుతాయో చూసింది. స్టాటోసిస్ట్ దెబ్బతిన్నవి ఆలస్యంగా తిరిగాయి. 365 రోజుల తర్వాత కూడా ఆ దెబ్బ మానలేదు. పెంకు విడిచినా మానలేదు.

పిల్ల దశ ఇంకా సున్నితం. 2013లో అగిలార్ డి సోటో బృందం న్యూజిలాండ్ స్కాలప్ లార్వాలకు ఎయిర్‌గన్ పేలుళ్ళ రికార్డింగు వినిపిస్తే 46 శాతానికి ఆకారం చెడింది. 2014లో మూరియా దీవి దగ్గర నెడెలెక్ బృందం సముద్ర కుందేలు (ఒక రకం సముద్రపు నత్త) గుడ్ల మీద పడవ మోత చూసింది. పిండం ఎదగడం 21 శాతం తగ్గింది, పొదిగిన పిల్లల చావులు 22 శాతం పెరిగాయి. స్క్విడ్, కటిల్‌ఫిష్, ఆక్టోపస్‌ల సంగతి 2011లో ఆంద్రే బృందం చూపింది: 50 నుంచి 400 హెర్ట్జ్ ధ్వని రెండు గంటలు, తర్వాత స్టాటోసిస్ట్ రోమకణాలు చిరిగి ఊడి ఉన్నాయి. అయితే అది తొట్టిలోదే. కెరటం గారి #2 మళ్ళీ చదివి, కణచలనం ఎంత ఉండి ఉంటుందో మీరే ఆలోచించండి.

#11 · గుల్లసున్నం

> ఒకచోట చచ్చాయంటారు, మరోచోట ఏమీ కాలేదంటారు

మస్సెళ్ళలోనూ ఇదే తకరారు. 2016లో స్పీగా బృందం పైల్ దెబ్బల మోత వినిపిస్తే నీటిని వడకట్టడం పెరిగింది. 2019లో వేల్ బృందం ఓడ మోత వినిపిస్తే వడకట్టడం తగ్గింది, హీమోసైట్లలోనూ (రక్తకణాలు) మొప్పల్లోనూ డీఎన్‌ఏ పోగులు తెగడం పెరిగింది. ఒకటి దెబ్బ దెబ్బకూ విరామం ఉన్న మోత, మరోటి ఆగని మోత. పెరిగింది మంచిదనీ తగ్గింది చెడ్డదనీ అనుకోవద్దు. ఒత్తిడిలో ఖర్చు పెరిగి ఎక్కువ తినాల్సి వచ్చినా వడకట్టడం పెరుగుతుంది. కాబట్టి చిప్ప తెరుపు ఒక్కటే చూసి "ఒత్తిడి" అని రాయకండి. పక్కన ఆక్సిజన్ వాడకమో, మొప్పల్లో ఆక్సీకరణ నష్టమో ఏదో ఒకటి ఉండాలి.

#12 · లెక్కల_పీత

ఎవరూ ఎత్తని సంగతి. ఒక తొట్టి, ఒక రికార్డింగు, 12 పీతలు అంటే నమూనా సంఖ్య 12 కాదు, 1. ఆ తొట్టికే ఏదో జబ్బు, ఆ ఓడకే ఏదో గోల ఉంటే 12 పీతలూ ఒకేలా చూపిస్తాయి. ఒక్కో పీతను విడిగా, వేర్వేరు వేళల్లో, వరస చీటీ తీసి పరీక్షించండి. కనీసం ఆరు వేర్వేరు ఓడల రికార్డింగులు, ఓడ లేని రేవు రికార్డింగులు మరో ఆరు కావాలి.

కంట్రోల్‌లో స్పీకరు లేకపోవడం తప్పు. అదే స్పీకరు, అదే ఆంప్లిఫయరు ఆన్‌లో ఉండి, ఓడ లేని రికార్డింగు మోగాలి. కరెంటు హమ్, కాయిల్ వేడి, క్షేత్రం అన్నీ రెండు వైపులా సమానం కావాలి. ఏ మోత నడుస్తోందో తెలియని మనిషి చిప్పల గ్రాఫులు చదవాలి.

ఇంకోటి: మీ కంట్రోల్ పీతలు నిశ్శబ్దంలో ఉన్నాయని ఎవరు చెప్పారు? పంపు, ఫిల్టరు, చిల్లరు రోజంతా తొట్టిని అదురుస్తూనే ఉంటాయి. 2020లో డే బృందం ఓడల రాకపోకలున్న చోటి రాతిరొయ్యలను తెస్తే వాటి స్టాటోసిస్ట్‌లు ముందే దెబ్బతిని ఉన్నాయి, ఎయిర్‌గన్ వాటికి కొత్తగా చేసిన నష్టం కనబడలేదు. అంటే ముందే చెడిన జంతువును తెస్తే "ప్రభావం లేదు" అని ఫలితం వస్తుంది, అది అబద్ధపు ఊరట. పీతలు ఎక్కడ పట్టినవో, తొట్టిలో ఎన్నాళ్ళున్నాయో, పంపు నడుస్తున్నప్పుడూ ఆగినప్పుడూ త్వరణం ఎంతో రాసి తీరాలి.

#13 · కెరటం_63

పంపు నేల మీద, తొట్టి వేరే బల్ల మీద, మధ్యలో మెత్తటి రబ్బరు గొట్టం. తొట్టి కింద మందపాటి నురుగు పరుపు. ఇంత చేసినా స్పీకరును గాజుకు ఆనిస్తే వృథా, గాజే స్పీకరైపోతుంది. పైనున్న వేరే చట్రం నుంచి సాగే తాళ్ళతో వేలాడదీయండి.

అడుగున ఇసుకలో ఉండే జీవులకైతే నీళ్ళ కన్నా నేల అదురే ముఖ్యం. పైల్ దిగ్గొట్టేటప్పుడు చుట్టూ గాలిబుడగల తెర వేస్తే నీళ్ళలో మోత బాగా తగ్గుతుంది. నేలలోకి దిగిన అదురు మాత్రం తెర కింద నుంచి పోయి అవతల తేలుతుంది. పోర్పాయిస్‌కు తెర మేలు చేస్తుంది. ఇసుకలోని ఆల్చిప్పకు ఎంత మేలో అక్కడ జియోఫోన్ (నేల అదురు కొలిచేది) పెట్టి చూస్తే గాని చెప్పలేం.

#14 · ఉప్పుగాలి

మార్చిన ప్లాన్: తొట్టిలో చిప్ప తెరుపు, ఆక్సిజన్ మాత్రమే, కణచలనం పటంతో. అసలు ప్రయోగం 5 మీటర్ల లోతు నీళ్ళలో పంజరాలు వేలాడదీసి, నిజం పడవను దాటిస్తూ. గోడల బెడద ఉండదు కదా?

#15 · కెరటం_63

గోడలు పోతాయి, లోతు వచ్చి పడుతుంది. అడుగు గట్టి రాయైతే 5 మీటర్ల లోతులో 75 హెర్ట్జ్ కిందిది దూరం పోదు. అడుగు మెత్తగా ఉంటే ఆ హద్దు ఇంకా పైకి జరుగుతుంది. పడవను దగ్గరగానే నడపండి, పంజరం దగ్గరే కొలవండి. పంజరాన్ని తేలే బల్లకు కట్టకండి, అల ఊపు అంతా యాక్సిలరోమీటరుకు ఎక్కుతుంది. అడుగున నిలబెట్టిన చట్రానికి కట్టండి.

#16 · డెసిబెల్_వేట

అక్కడ చిటికె రొయ్యలుంటే 2000 హెర్ట్జ్ పైన రికార్డింగంతా చిటపటలే. మొత్తం స్థాయి చూస్తే పడవ వచ్చినా రానట్టే ఉంటుంది. 1000 హెర్ట్జ్ లోపు పట్టీలు విడదీసి పోల్చండి.

#17 · గుల్లసున్నం

ఉత్త చిప్పను పంజరంలో కూడా పెట్టండి. పడవ ఇంజను అయస్కాంత క్షేత్రం అంత దూరం రాదు కానీ, నీటి ఊపుకు అయస్కాంతం అతుకు వదులైతే అదే ముందు చెప్తుంది.